ఒక ఆంగ్ల గ్రామంలో నా బాల్యం

ఇంగ్లండు అనగానే మన విద్యార్థుల మనస్సులో మొదట మెదిలేవి లండను మహానగరం, థేమ్స్ నది, రాజప్రాసాదాలు, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు. ఆ దేశంలో కూడ పల్లెలున్నాయనీ, ఆ పల్లెలలో కూలినాలి చేసికొని బ్రతికినవారున్నారనీ, వారికీ కూటి చింత, గూటి చింత తప్పలేదనీ మనం అంతగా తలపోయము. మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నేనెరిగిన ఆ మరొక ఇంగ్లండును గూర్చి వ్రాయడమే ఉచితమని తోచింది. 1962 నుండి 1969 వరకు, అనగా నా ఐదవ ఏట నుండి పన్నెండవ ఏట వరకు, నేను పెరిగింది అటువంటి ఒక పల్లెలోనే.

మా నాన్నగారు హైదరాబాదులో వైద్యవిద్య ముగించినవారు. బ్రిటనులో 1948 జూలై 5వ తేదీన ప్రారంభమైన జాతీయ ఆరోగ్య సేవకు స్వదేశపు వైద్యులు చాలనందున, మన ఉపఖండం నుండి ఎందరో యువవైద్యులు ఆ దేశానికి వెళ్లిన కాలమది. బొంబాయిలో ఓడ ఎక్కి, సూయజ్ కాలువ మీదుగా ప్రయాణించి, మేము టిల్బరీ రేవులో దిగాము. నాన్నగారికి తూర్పు ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. పట్టణంలో కుటుంబానికి తగిన వసతి దొరకక, స్టౌర్ నది లోయలోని ఒక గ్రామంలో ఇల్లు అద్దెకు తీసికొన్నారు. గెయిన్స్‌బరో అనే చిత్రకారుడు 1727లో జన్మించిన సడ్‌బరీ పట్టణం ఆ నది ఒడ్డుననే ఉన్నది. జాన్ కాన్‌స్టబుల్ 1821లో చిత్రించిన గడ్డిబండి చిత్రం, ఇప్పుడు లండను జాతీయ చిత్రశాలలో ఉన్నది, ఆ నది దిగువ భాగంలోని దృశ్యమే. అంతటి పేరు గల నది మన కంటికి ఒక పెద్ద కాలువ వలె కనిపిస్తుంది. గోదావరిని చూచి వచ్చిన మా అమ్మ మొదటిసారి ఆ నదిని చూచి, "ఇదేనా?" అని ఊరకున్నది.

ఊరు చిన్నది. ఒకే వీధి, ఒక అంగడి, ఒక బడి, ఒక చర్చి, ఒక చెరువు. ఇండ్లకు కొయ్య చట్రాలు, వాటి మధ్య మట్టి గోడలు, గోడలకు లేత గులాబిరంగు పూత, పైన గడ్డి కప్పు. ఆ ప్రాంతంలో కట్టడపు రాయి దొరకదు. అందుచేత చర్చి గోడలను పొలాలలో దొరికే చెకుముకి రాళ్లతో కట్టారు. ఒకప్పుడు ఉన్ని వ్యాపారంలో గడించిన ధనంతో కట్టిన చర్చీలవి. సమీపంలోని లావెన్‌హామ్ గ్రామపు చర్చి గోపురం 141 అడుగుల ఎత్తు. ఇంతటి గోపురాల నీడన ఉన్న కూలివారి ఇండ్లలో మాత్రం, నేను వెళ్లిన 1962 నాటికి కూడ, లోపల కుళాయి లేనివి, మరుగుదొడ్డి పెరటి చివర ఉన్నవి కొన్ని ఉండేవి. దొరల దేశంలో ఇట్టి స్థితి ఉండగలదని మా తాతగారు నమ్మలేదు. నాన్నగారు ఆ సంగతి రెండు ఉత్తరాలలో వ్రాయవలసి వచ్చింది.

మేము చేరిన ఏడే ఆ దేశాన్ని మహాశీతం పట్టుకొన్నది. 1962 డిసెంబరు చివరి వారంలో మొదలైన మంచు 1963 మార్చి మొదటి వారం దాకా కరగలేదు. ఆ జనవరి ఇరవయ్యవ శతాబ్దంలో ఇంగ్లండు చవిచూచిన అతి శీతలమైన జనవరి. బడిలో పిల్లలకు ప్రభుత్వం ప్రతి దినం మూడవ వంతు పైంటు పాలు ఉచితంగా ఇచ్చేది. ఆ పాలు సీసాలోనే గడ్డకట్టి, పైనున్న రేకు మూతను ఎత్తివేసేవి. పంతులమ్మగారు వాటిని ఇనుప పొయ్యి చుట్టు వరుసగా పేర్చి కరగించేవారు. వెచ్చబడిన ఆ పాల వాసన నాకు ఇప్పటికీ గుర్తే. (ఏడేండ్లు దాటిన పిల్లలకు ఆ పాలను 1971లో నిలిపివేశారు. అప్పటి విద్యామంత్రిణి మార్గరెట్ థాచర్ ఆ కారణంగా చాలకాలం నిందలు మోశారు.)

ఆ చలికాలంలోనే మా పొరుగున ఉన్న వృద్ధునితో మాకు చనువు కలిగింది. మంచు పడిన మొదటి ఉదయం తలుపు తెరచి చూచేసరికి, మా గడప నుండి వీధి దాకా ఎవరో దారి త్రవ్వి ఉంచారు. రెండవ నాడూ అంతే. మూడవ నాడు అమ్మ తెల్లవారుజామున కాచుకొని ఉండి, ఆయనను పట్టుకొని టీ ఇచ్చింది. ఆయన టోపీ తీసి, ఒక్క మాట కూడ మాటలాడక త్రాగి వెళ్లిపోయాడు. ఊరివారందరు ఆయనను 'గుర్రాలాయన' అనే అర్థంలో పిలిచేవారు. మేమూ ఇంట్లో 'గుర్రాల తాత' అనేవారము.

గుర్రాల తాత తన పదమూడవ ఏట పొలంలో పనికి చేరాడు. సఫోక్ పంచ్ అని ఆ ప్రాంతపు దుక్కిగుర్రాల జాతి ఒకటి ఉన్నది. పొట్టి కాళ్లు, విశాలమైన రొమ్ము, ఎర్రని ఒళ్లు, వెట్ట నేలను దున్నడానికే పుట్టినట్లుండే ఆకారం. ఆ గుర్రాలను మేపి, కట్టి, దున్ని ఆయన యౌవనమంతా గడిచింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ట్రాక్టర్లు వచ్చి గుర్రాలు పోయాయి. 1966లో ఆ జాతిలో తొమ్మిది పిల్లలు మాత్రమే నమోదైనవని తరువాతి కాలంలో చదివినప్పుడు నాకు మొదట స్ఫురించింది ఆయన ముఖమే. గుర్రాలు పోయినా ఆయన ఆ కమతంలోనే ఉండిపోయాడు. కంచెలు కోయడం, కాలువలు తీయడం, శరత్కాలంలో చక్కెరదుంపలు త్రవ్వడం ఆయన పనులు. ఆ దుంపలు బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో 1925లో నెలకొల్పిన చక్కెర కర్మాగారానికి పోయేవి.

ఆయన చెప్పిన ముచ్చట్లలో ఒకటి మా అమ్మను మిక్కిలి ఆకర్షించింది. ఆయన చిన్ననాట, గోధుమ కోతలు ముగిసి చివరి పన కూడ పొలం దాటిన తరువాత, ఉదయం చర్చి గంట మ్రోగేదట. అప్పుడు ఊరి స్త్రీలు, పిల్లలు ఒక్కుమ్మడిగా చేనిలో దిగి, రాలిన వెన్నులను ఏరుకొనేవారట. గంట మ్రోగక ముందు ఎవరూ దిగరాదు. ఎవరి ముందు ఎవరూ పోరాదు. అమ్మ ఇది విని, "పరిగె ఏరుకోవడమే కదా! మా ఊళ్లోనూ ఉన్నది" అన్నది. నేను దుబాసిగా నిలబడి ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. వరంగల్లు పరిసరాల నుండి వచ్చిన ఆమె, సఫోక్ దాటి ఎరుగని ఆ ముసలాయన, ఒకరి భాష ఒకరికి రాకున్నా, ఆ దినం నుండి చుట్టాల వలె మసలుకొన్నారు.

అమ్మ ఒంటరితనం నాకు అప్పుడు పూర్తిగా తెలియకపోయినా, ఇప్పుడు తెలుస్తున్నది. నాన్నగారికి ఆసుపత్రి, నాకు బడి. ఆమెకు ఉన్నది వంటగది, కిటికీ మాత్రమే. అంగడిలో బియ్యం దొరికేవి కాని, అవి పాలలో వండి తీపి చేసికొనే గుండ్రని బియ్యం. చింతపండు లండను నుండి వస్తేనే ఉన్నట్లు. అక్కడ పెరళ్లలో ర్యూబార్బ్ అనే ఎర్రని పుల్లకాడ పెరుగుతుంది. ఆంగ్లేయులు దానిని చక్కెరతో ఉడికించి తింటారు. అమ్మ దానిని పప్పులో వేసింది. గోంగూర తిన్నంత తృప్తి పడ్డాము. బ్రామ్‌లీ అనే పుల్లని ఆపిలు కాయలను ముక్కలు కోసి, నారిచ్ నగరపు కోల్మన్ వారి ఆవపిండి కలిపి, ఆవకాయ పెట్టింది. గుర్రాల తాత దానిని రొట్టె, జున్నుగడ్డల నడుమ పెట్టుకొని తిని, కన్నీరు తుడుచుకొని, ఇంకొంచెం అడిగాడు.

డబ్బు లెక్కలో మాత్రం అమ్మ ఆ ఊరిలో ఎవరికీ తీసిపోలేదు. అప్పుడు పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. దశాంశ పద్ధతి అక్కడ 1971 ఫిబ్రవరి 15న గాని రాలేదు. మన దేశంలో నయాపైసలు 1957 ఏప్రిల్ 1ననే వచ్చినా, అమ్మ పదహారణాల లెక్కలో, అందులోనూ హాలీ సిక్కా, కల్దారు అను రెండు నాణేలు చలామణి అయిన హైదరాబాదు రాజ్యంలో పెరిగిన మనిషి. అంగడివారు కాగితం మీద కూడక మునుపే ఆమె మొత్తం చెప్పేది. ఆ ఊరిలో ఆమెకు గౌరవం మొదట దొరికింది ఆ అంగడిలోనే.

బడిలో రెండే గదులు, ఇద్దరే పంతులమ్మలు. అది చర్చి ఆధ్వర్యంలోని బడి కనుక ప్రతి ఉదయం ప్రార్థన ఉండేది. మొదటి దినమే ప్రధానోపాధ్యాయిని నాన్నగారిని కూర్చుండబెట్టి, 1944 విద్యా చట్టం ప్రకారం తల్లిదండ్రులు కోరినచో బిడ్డను ప్రార్థన నుండి మినహాయించవచ్చునని, ఆ కోరికకు కారణం చెప్పనక్కర లేదని వివరించారు. ఆ ఊరంతటిలో అట్టి మినహాయింపు అవసరమైన కుటుంబం మాదొక్కటే. ఐనను ఆమె ఆ మాట చెప్పడం మరువలేదు. నాన్నగారు నన్ను అందరితో పాటు కూర్చుండనిమ్మనే చెప్పారు. కాని ఆమె అడిగినందుకు ఆయన జీవితాంతం ఆమెను తలచుకొన్నారు. మన రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడవ ఖండం కూడ ఇట్టి రక్షణనే కల్పించింది: గుర్తింపు పొందిన లేక ప్రభుత్వ ధనసహాయం పొందుతున్న విద్యాసంస్థలో చదివేవారెవరూ సమ్మతి లేనిదే మతబోధలో పాల్గొనవలసిన పనిలేదు. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదువుకొంటున్న మీకు ఈ సూత్రం పాఠ్యవిషయం. నాకు అది ఐదేండ్ల వయస్సులో ఎదురైన ఒక మర్యాద.

అన్ని దినాలూ అట్లే గడచినవని చెప్పడం న్యాయం కాదు. నా ఒంటిరంగు రుద్దితే పోతుందా అని పరీక్షించిన పిల్లలున్నారు. 1968 ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో ఈనక్ పావెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలసవచ్చినవారిపై చేసిన ప్రసంగం పత్రికలకెక్కిన తరువాత, ఐదేండ్లకు పైగా మమ్మెరిగిన ఒకామె మేము ఎప్పుడు వెళ్లిపోతామని అమ్మను అడిగింది. అడిగిన తీరులో ద్వేషం లేదు. వర్షం ఎప్పుడు వస్తుందని అడిగినట్లే అడిగింది. అందుకే కాబోలు అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇక భాష సంగతి. ఇంట్లో తెలుగు, తాతగారి నుండి నాన్నగారికి వచ్చే నీలిరంగు ఏరోగ్రాములు ఉర్దూలో. నిజాము కాలపు బడులలో చదువుకొన్న వారిద్దరికీ వ్రాత అనగా ఉర్దూయే. ఆ ఉత్తరం చివర నాయనమ్మ చెప్పిన నాలుగు తెలుగు వాక్యాలు ఎవరిచేతనో వ్రాయించి ఉండేవి. నేను రెండింటిలో దేనినీ చదువలేక, నాన్నగారు చదువుతుండగా వినేవాణ్ణి. వీధిలో నేర్చింది ఇంగ్లీషే, కాని పుస్తకాల ఇంగ్లీషు కాదు. "అతడు వెళతాడు" అనేచోట క్రియ చివర రావలసిన 'ఎస్' కారాన్ని సఫోక్ పల్లెవాసులు పలుకరు. నేనూ అట్లే పలికేవాణ్ణి. ఇది తప్పు ఇంగ్లీషని నాన్నగారు కలవరపడగా, ప్రధానోపాధ్యాయిని నవ్వి, "పుస్తకంలో వ్రాయడానికి ఒకటి, పొలంలో మాటలాడడానికి ఒకటి, బిడ్డకు రెండూ రానివ్వండి" అన్నారు. మాండలికాన్ని గూర్చి ఆ తరువాత నేను చదివిన శాస్త్రగ్రంథాలలో ఇంతకంటె తెలివైన మాట నాకు కనబడలేదు.

ఇప్పుడు గంటల సంగతి చెప్పాలి. ఆంగ్లేయుల చర్చి గంటలు రాగాన్ని వాయించవు, గణితాన్ని వాయిస్తాయి. మా ఊరి గోపురంలో ఆరు గంటలుండేవి. ఒక్కొక్క గంటకు ఒక్కొక్క తాడు, ఒక్కొక్క మనిషి. ఆరు గంటలు ఒకసారి వరుసగా మ్రోగుతాయి. తరువాతి వరుసలో స్థానాలు మారుతాయి. ఏ వరుస మరల రాకుండ, సాధ్యమైన వరుసలన్నీ వాయించడమే ఆ విద్య. ఆరింటిని 720 విధాల అమర్చవచ్చును. ఆ 720 వరుసలు ముగియడానికి దాదాపు ఇరువదియైదు నిమిషాలు పడుతుంది. కాగితం చూడరు, అంతా నోటికి వచ్చి ఉండాలి. గుర్రాల తాత నాలుగవ గంట వాయించేవాడు. బడి చదువు పన్నెండు పదమూడేండ్లతో ముగిసిన ఆ మనిషి ఆ క్రమమంతా తలలో నిలుపుకొనేవాడు. ఒక సాయంత్రం నన్ను గోపురంలో మూల బల్లపై కూర్చుండబెట్టి, కదలవద్దని చెప్పి, తాడు పట్టుకొన్నాడు. చేనిలో వంగి నడిచే ఆ ముసలాయన అక్కడ నిటారుగా నిలబడి ఉన్నాడు.

1966లో ఆయనకు నడుము దెబ్బతిన్నది. ఆయన ఉన్న ఇల్లు ఆయనది కాదు, కమతానిది. పని ఉన్నన్నాళ్లే ఇల్లు. పని పోతే ఇల్లు పోతుంది. అట్టి ఇండ్లను 'కట్టుబడి కొంపలు' అని అనువదించవచ్చునేమో. కమతందారుకు క్రొత్త ట్రాక్టరు డ్రైవరు కొరకు ఇల్లు కావలసి వచ్చింది. ఆయన క్రూరుడేమీ కాదు. చట్టం ఇచ్చిన హక్కును వినియోగించుకొన్నాడు. యాభై ఏండ్లకు పైగా ఆ నేలను దున్నిన మనిషికి ఆ నేల మీద నిలువ నీడ లేకపోయింది. పురపాలకులు దూరపు పట్టణంలో ఒక చిన్న గది చూపించారు. సామాను ఒక్క బండికి సరిపోయింది. అమ్మ ఆయనకు రెండు సీసాల ఆపిలు ఆవకాయ కట్టి ఇచ్చింది. ఆయన టోపీ తీశాడు. ఆనాడు కూడ ఏమీ మాటలాడలేదు.

ఆ ఆదివారం గోపురంలో ఐదు గంటలే మ్రోగాయి. ఐదింటిని అమర్చగల విధాలు 120 మాత్రమే. ఒక్క మనిషి ఊరు విడిచినందుకు 600 వరుసలు పోయాయని నేను పలక మీద లెక్క వేసి నాన్నగారికి చూపించాను. ఆయన చాలసేపు ఆ పలకను చూచి, "ఈ లెక్క మరువకు" అన్నారు. తొమ్మిదేండ్ల నాకు ఆ మాట అర్థం కాలేదు గాని, గుర్తుండిపోయింది.

తరువాత ఒక్కొక్కటే పోసాగింది. 1963 మార్చిలో వెలువడిన బీచింగ్ నివేదిక బ్రిటనులో 2,363 రైలుస్టేషన్లను, అయిదువేల మైళ్ల మార్గాన్ని మూసివేయవలెనని సూచించింది. సడ్‌బరీ నుండి హేవర్‌హిల్ వైపు మా లోయ గుండా పోయే రైలు 1967 మార్చిలో ఆగిపోయింది. 1970వ దశకంలో తెగులు సోకి ఆ దేశంలో రెండున్నర కోట్లకు పైగా ఎల్మ్ వృక్షాలు చచ్చిపోయాయి. నేను ఎక్కి ఆడుకొన్న చెట్లన్నీ వానిలోనివే. ఆ ప్రాంతపు గ్రామీణుల మాటలను రొనాల్డ్ బ్లైత్ 'అకెన్‌ఫీల్డ్' అను గ్రంథంలో 1969లో ప్రకటించారు. మేము ఆ దేశం విడిచిన సంవత్సరమే అది. విద్యార్థులు తప్పక చదువదగిన పుస్తకం. కూలివాని ఇంటికి రక్షణ కల్పించే చట్టం 1976లో వచ్చింది. వ్యవసాయ కార్మిక సంఘం దశాబ్దాల తరబడి చేసిన పోరాట ఫలితమది. గుర్రాల తాతకు అది పదేండ్లు ఆలస్యంగా వచ్చింది. ఆయన 1970లో మరణించినట్లు మా ప్రధానోపాధ్యాయిని ఉత్తరం వ్రాశారు.

మేము తిరిగివచ్చిన 1969లో తెలంగాణ ఉద్యమం కారణంగా హైదరాబాదులో బడులు నెలల తరబడి మూతపడి ఉన్నాయి. ఎవరి తెలుగు తెలుగు, ఎవరిది కాదు అను వాదన ప్రతి అరుగు మీద వినిపించేది. అమ్మ వద్ద నేర్చిన వరంగల్లు మాటలను సఫోక్ యాసలో పలికే నన్ను చూచి ఉభయపక్షాలవారూ నవ్వేవారు. నాకు బాధ కలుగలేదు. పుస్తకానికి ఒకటి, పొలానికి ఒకటి అన్న మాట నాకు అప్పటికే తెలుసు. ఆ సెలవులలోనే తెలుగు అక్షరాలు, ఉర్దూ అక్షరాలు రెండూ నేర్చుకొని, తాతగారి పాత ఉత్తరాలన్నీ స్వయంగా చదివాను.

2009లో ఒకసారి ఆ ఊరికి వెళ్లి వచ్చాను. బడి ఎవరిదో నివాసగృహమైంది. గులాబిరంగు గోడలు మునుపటికంటె అందంగా ఉన్నాయి. గుర్రాల తాత ఇంటిలో కుళాయిలకు, మరుగుదొడ్డికి లోటు లేదు. ఆ ఇంటి ధర విని, పొలంలో పనిచేసేవాడెవడూ దానిని కొనలేడని గ్రహించాను. సాయంత్రం గోపురం నుండి ఆరు గంటలూ మ్రోగాయి. వాయించినవారు లండను నుండి వచ్చి స్థిరపడిన విశ్రాంత ఉద్యోగులు. ఎంతో శ్రద్ధతో నేర్చుకొన్నారు, ఎంతో ఆదరంతో మాటలాడారు. వారిలో ఆ ఊరిలో పుట్టినవారు ఒక్కరూ లేరు.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు పల్లెల నుండి వచ్చినవారు. ఊరు అనగా గోడలూ గోపురమూ కావు. ఆ గోడల నడుమ బ్రతుకడానికి ఎవరికి హక్కు ఉన్నది, ఎవరికి లేదు అన్నదే ఊరు. ఆ ప్రశ్న స్టౌర్ లోయలోను, మన మంజీర, మూసీ తీరాలలోను ఒక్కటే. మీ ఊరిలో అట్టి వృద్ధులు ఇంకను ఉన్నారు. ఈ సెలవులలో వారి వద్ద కూర్చుండి, వారు ఏ పొలం దున్నారో, ఏ ఇంట ఉన్నారో, ఎవరి మాట మీద ఉన్నారో అడిగి వ్రాసికొనండి. తెలుగులో వ్రాసినా సరే, ఉర్దూలో వ్రాసినా సరే. వారు పలికినది పలికినట్లు వ్రాయండి. వచ్చే సంచికకు అంతకంటె మంచి వ్యాసం మరొకటి ఉండదు.